నన్నయ శకుంతలోపాఖ్యానం: ప్రేమ, విశ్వాసం, సాక్ష్యం – పరిణామ మనోవిజ్ఞాన దృక్పథ పరిశీలన

వ్యాస సంగ్రహం

దాంపత్యంలో ప్రేమ, నమ్మకం ఎందుకు ఏర్పడతాయి, ఎందుకు విఫలమవుతాయి అనే ప్రశ్నలకు గత అర్ధ శతాబ్దిలో పరిణామ మనోవిజ్ఞానం కొన్ని సమాధానాలను ప్రతిపాదించింది. సంతాన పోషణ భారం, పితృత్వ సంశయం, మాటకు కట్టుబడి ఉండటం, లోకంలో పేరు అనే నాలుగు భావనలు వాటిలో ముఖ్యమైనవి. ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానాన్ని ఈ భావనల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథలోని సమస్య ఎటువంటిదో గుర్తించడానికి ఈ సిద్ధాంతాలు ఉపకరిస్తాయి. అయితే దుష్యంతుని నిరాకరణను పితృత్వ సంశయంగా వ్యాఖ్యానిస్తే పాఠానికి అన్యాయం జరుగుతుంది. నన్నయ చిత్రించిన సంక్షోభానికి మూలం తెలియకపోవడం కాదు, తెలిసినదాన్ని నలుగురిలో ఒప్పుకోకపోవడం. ఈ భేదాన్ని నిరూపించడమే ఇక్కడి ప్రధానాంశం.

కీలక పదాలు: నన్నయ, శకుంతల, పరిణామ మనోవిజ్ఞానం, పితృత్వ సంశయం, సత్యం, సాక్ష్యం, లోకాపవాదం.

1. ప్రస్తావన

శకుంతలోపాఖ్యానాన్ని తెలుగు విమర్శ ప్రధానంగా రెండు విధాలుగా చదివింది. మొదటిది సూక్తి దృష్టి. నన్నయ తన కవిత్వానికి చెప్పుకొన్న మూడు లక్షణాలలో నానారుచిరార్థసూక్తినిధిత్వం ఒకటి. దానికి ఉదాహరణగా శకుంతల సభలో పలికిన పద్యాలను చూపడం పరిపాటి అయింది. రెండవది తులనాత్మక దృష్టి. వ్యాసుని శకుంతలను కాళిదాసు శకుంతలతో పోల్చి, ఇతిహాస నాయిక ధీరతను, నాటక నాయిక సౌకుమార్యాన్ని నిరూపించే పద్ధతి ఇది. రోమిలా థాపర్ 1999లో ప్రచురించిన గ్రంథంలో ఈ భేదాన్ని చారిత్రక పరిణామంగా వివరించారు. ఈ రెండు దృష్టులూ విలువైనవే. అయితే మొదటి దృష్టిలో శకుంతల మాటలు సందర్భం నుంచి విడివడి నీతివాక్యాలుగా మిగులుతాయి. రెండవ దృష్టిలో చర్చ పాత్ర స్వభావం దగ్గర ఆగిపోతుంది. ఒక స్త్రీ, ఒక పురుషుడు, సాక్షులు లేని ఒక వాగ్దానం, ఆ వాగ్దానంపై ఆధారపడిన ఒక బిడ్డ: ఈ నాలుగింటి మధ్య నమ్మకం ఎలా నిలబడుతుంది, ఎక్కడ తెగిపోతుంది అనే ప్రశ్న వెనుకబడుతుంది. సన్నిహిత సంబంధాలలో నమ్మకమే ప్రధాన విషయంగా గల శాస్త్రాన్ని ఈ ఉపాఖ్యానం పక్కన నిలిపి చూడటానికి ఇదే కారణం.

2. సిద్ధాంత భూమిక

మానవుని మనస్సు కూడా శరీరంలాగే ప్రకృతి వరణం ద్వారా రూపుదిద్దుకొన్నదని పరిణామ మనోవిజ్ఞానం భావిస్తుంది. ప్రేమ, అసూయ, నమ్మకం, కృతజ్ఞత వంటి భావాలు పూర్వ మానవుల జీవితంలో పదేపదే ఎదురైన సమస్యలకు ఏర్పడిన పరిష్కారాలని దాని ప్రతిపాదన. రాబర్ట్ ట్రివర్స్ 1971లో పరస్పరోపకార సిద్ధాంతాన్ని, 1972లో సంతాన పోషణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. బిడ్డ కోసం ఎక్కువ భారం మోసే జీవి జతను ఎంచుకోవడంలో ఎక్కువ జాగ్రత్త వహిస్తుందన్నది రెండవ సిద్ధాంత సారం. గర్భధారణ, స్తన్యపోషణ స్త్రీ వంతు కాబట్టి మోసపోతే కలిగే నష్టం ఆమెకే ఎక్కువ. పురుషునికి ఎదురయ్యే సమస్య వేరు. తల్లికి తన బిడ్డ తనదేనన్న నిశ్చయం ఉంటుంది. తండ్రికి అంతటి నిశ్చయం ఉండదు. దీనినే పితృత్వ సంశయం అంటారు. డేవిడ్ బస్ 1989లో ప్రకటించిన 37 సంస్కృతుల పరిశీలన, ఆ తరువాత అసూయపై జరిగిన అధ్యయనాలు ఈ భావనను విస్తరించాయి.

జాన్ బౌల్బీ 1969లో ప్రచురించిన గ్రంథంతో అనుబంధ సిద్ధాంతం స్థిరపడింది. శిశువు సంరక్షకులను అంటిపెట్టుకోవడం ప్రాణరక్షణకు సంబంధించిన సహజ ప్రవృత్తి అని ఆయన వివరించారు. సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ 1987లో ఈ సిద్ధాంతాన్ని వయోజనుల ప్రణయానికి అన్వయించారు. అర్థశాస్త్రవేత్త రాబర్ట్ ఫ్రాంక్ 1988లో మరో కోణాన్ని జోడించారు. లాభనష్టాలు లెక్కించి ప్రేమించే వ్యక్తి, లెక్క మారిన రోజున విడిచిపోతాడు. లెక్కకు లొంగని ప్రేమ మాత్రమే ఎదుటివారికి హామీ కాగలదు. అందువల్ల ప్రేమోద్వేగమే మనిషిని మాటకు కట్టుబడేటట్లు చేసే బంధమని ఆయన వాదన. రిచర్డ్ అలెగ్జాండర్ 1987లో పరోక్ష ప్రతిఫల భావనను ప్రతిపాదించారు. ఒకరికి చేసిన మేలు వారి నుంచే తిరిగి రానక్కరలేదు. చూసిన లోకం నుంచి మంచి పేరు రూపంలో రావచ్చు. అపకీర్తి భయం మనిషిని మాట తప్పనివ్వదన్నది దీని పర్యవసానం.

ఈ శాస్త్రానికి తీవ్రమైన ఆక్షేపణలూ ఉన్నాయి. ప్రతి లక్షణానికీ ఒక ప్రయోజనాన్ని ఊహించి కథ అల్లే ధోరణిని గౌల్డ్, లెవాంటిన్ 1979లోనే విమర్శించారు. మనోవిజ్ఞాన ప్రయోగాలలో అత్యధికం పాశ్చాత్య సంపన్న సమాజాల విద్యావంతులపై జరిగినవేనని హెన్రిక్, హైన్, నోరెంజయాన్ 2010లో చూపారు. సాహిత్య రంగంలో జోసెఫ్ కెరోల్ 1995 నుంచి పరిణామవాద విమర్శను సమర్థిస్తూ వచ్చారు. జొనాథన్ క్రామ్నిక్ 2011లో దానిని ఖండించారు. ఈ వాదోపవాదాల దృష్ట్యా సిద్ధాంతాన్ని తీర్పుగా కాక ప్రశ్నగా వాడుకోవడం ఉచితం. పాఠం ఆ ప్రశ్నకు ఏ సమాధానం ఇస్తుందో చూడాలి.

3. ఆశ్రమ ఘట్టం: వాగ్దానానికి ముందు బేరం

కణ్వాశ్రమంలో దుష్యంతుడు శకుంతలను చూసి గాంధర్వ వివాహం ప్రతిపాదిస్తాడు. తండ్రి వచ్చేవరకు ఆగమని ఆమె అంటుంది. వివాహ భేదాలను చెప్పి, క్షత్రియులకు గాంధర్వం ధర్మ్యమేనని రాజు ఒప్పిస్తాడు. అప్పుడు శకుంతల ఒక నిబంధన విధిస్తుంది: తనకు పుట్టబోయే కుమారునికి రాజ్యాధికారం దక్కాలి. రాజు అంగీకరించిన తరువాతే వివాహం జరుగుతుంది.

ట్రివర్స్ సిద్ధాంతానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ ప్రాచీన సాహిత్యంలో అరుదు. భారం మోయబోయే వ్యక్తి, ఆ భారం మొదలుకాకముందే బిడ్డ భవిష్యత్తుకు హామీ కోరుతున్నది. తన అంతఃపుర స్థానాన్ని గాని, ధనాన్ని గాని ఆమె కోరలేదు. కోరినది కుమారుని స్థానం. కాళిదాసు నాటకంలో ఈ నిబంధన లేదు. అక్కడ ప్రణయం స్వయంగా హామీ. ఇక్కడ ప్రణయానికి హామీ జోడించవలసి వచ్చింది. ఇతిహాస శకుంతలను కొందరు లౌక్యురాలిగా భావించడానికి ఈ నిబంధనే కారణం. అడవిలో ఒంటరిగా ఉన్న యువతి, చక్రవర్తి ఎదుట, తండ్రి పరోక్షంలో తీసుకోగలిగిన జాగ్రత్త ఇదొక్కటేనని గుర్తిస్తే లౌక్యమనే మాట నిలవదు.

అయితే ఈ ఒప్పందంలో ఒక లోపం ఉంది. దానికి సాక్షి లేడు. పరస్పరోపకార సిద్ధాంతం ప్రకారం ఇద్దరి సహకారం నిలవాలంటే మాట తప్పినవారిని రెండవవారు శిక్షించగలగాలి, లేదా వారితో సహకారం మానుకోగలగాలి. గర్భవతి అయిన తరువాత శకుంతలకు ఆ రెండు మార్గాలూ లేవు. బేరమాడే శక్తి వాగ్దానానికి ముందు ఆమె చేతిలో ఉంది. తరువాత అది పూర్తిగా రాజు చేతిలోకి పోయింది. కథలోని సంక్షోభానికి బీజం ఈ అసమానతలో ఉన్నది.

4. సభా ఘట్టం: సంశయమా, నిరాకరణా

పరిణామ మనోవిజ్ఞానాన్ని యాంత్రికంగా అన్వయిస్తే సభా ఘట్టం సులభంగా అర్థమైనట్లు తోస్తుంది. ఏళ్ల తరువాత ఒక స్త్రీ బిడ్డతో వచ్చి ఇతడు నీ కుమారుడని చెప్పింది. రాజు సందేహించాడు. పితృత్వ సంశయం పురుష సహజం కాబట్టి దుష్యంతుని ప్రవర్తన కూడా సహజమే. పైకి శాస్త్రీయంగా కనిపించే ఈ వ్యాఖ్యానం వాస్తవానికి నిరాకరించిన వాని పక్షాన చేసిన వాదం అవుతుంది.

శకుంతల వాదంలోని ఒక అంశం ఈ వ్యాఖ్యానానికి ఊతమిచ్చేటట్లు కనిపిస్తుంది. గార్హపత్యాగ్ని నుంచి ఆహవనీయాగ్ని వెలిగినట్లు, ఒక దీపం నుంచి మరొక దీపం పుట్టినట్లు ఈ కుమారుడు నీ అంశ అని ఆమె రాజుకు చెబుతుంది. నవజాత శిశువులు ఎవరి పోలికలో ఉన్నారని కుటుంబ సభ్యులు చెబుతారో మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ 1982లో పరిశీలించారు. తండ్రి పోలిక అని చెప్పేవారిలో తల్లి, తల్లి తరఫువారు ముందున్నారు. తండ్రికి నమ్మకం కలిగించడం ఈ మాటల ప్రయోజనమని వారి వివరణ. మన ఇళ్లలో పురిటి గది దగ్గర వినిపించే, అచ్చం తండ్రి పోలికే అన్న మాట కూడా ఇటువంటిదే. ఆ దృష్టిలో దీపం ఉపమానం ఒక తల్లి చేసిన పోలిక నిరూపణ.

కాని నన్నయ పాఠం ఈ వ్యాఖ్యానాన్ని అంగీకరించదు. కారణం స్పష్టం. దుష్యంతునికి సందేహం లేదు. సంస్కృత మూలంలో అతడు గుర్తున్నా గుర్తులేదని పలికాడని కథకుడు ముందే చెబుతాడు. నన్నయ దుష్యంతుడు కూడా ఆకాశవాణి పలికిన తరువాత, తనకు అంతా తెలుసునని, లోకాపవాదానికి భయపడి తెలియనట్లు ఉన్నానని సభలో ఒప్పుకొంటాడు. తెలిసినవానికి పోలిక నిరూపించవలసిన పని లేదు. కాబట్టి దీపం ఉపమానాన్ని సందేహ నివారణగా చదవడం పొరపాటు. అది తెలిసిన సత్యాన్ని ఒప్పుకొమ్మని చేసిన పిలుపు.

ఈ విషయాన్ని పుత్రపరిష్వంగ పద్యం మరింత స్పష్టం చేస్తుంది. ముత్యాల హారం, కర్పూర పరాగం, చందనం, వెన్నెల వంటివేవీ బిడ్డ కౌగిలి ఇచ్చే చల్లదనాన్ని ఇవ్వలేవని శకుంతల చెబుతుంది. కౌగిలించుకొని చూడమంటుంది. ఇది తర్కం కాదు, ఆధారం అంతకన్నా కాదు. కేవలం స్పర్శ ద్వారా మేలుకొనే అనుబంధాన్ని ఆమె ఆశ్రయిస్తున్నది. ఫ్రాంక్ చెప్పిన లెక్కకు లొంగని ఉద్వేగాన్ని రాజులో లేపడానికి చేసిన ప్రయత్నం ఇది. ఆ కౌగిలికి రాజు అప్పుడు సిద్ధపడకపోవడం గమనార్హం. తాకితే ఒప్పుకోక తప్పని స్థితి వస్తుందేమోనన్న భయం ఆ దూరంలో చదువుకోవచ్చు.

5. లోకాపవాదం: పేరు కోసం మాట తప్పడం

పరోక్ష ప్రతిఫల సిద్ధాంతం ప్రకారం అపకీర్తి భయం మనిషిని మాట మీద నిలబెడుతుంది. శకుంతలోపాఖ్యానంలో ఇది తలకిందులైంది. దుష్యంతుడు మాట తప్పింది అపకీర్తి భయం వల్లనే. ఈ వైపరీత్యానికి కారణం సిద్ధాంతం మౌనంగా అంగీకరించిన ఒక ఊహ. ఇద్దరి మాటకూ లోకం సమాన విలువ ఇస్తుందన్నదే ఆ ఊహ. సభలో రాజు మాటకు ఉన్న విలువ, ఆశ్రమం నుంచి వచ్చిన స్త్రీ మాటకు లేదు. ఆమె చెప్పినది అబద్ధమైతే నష్టపోయేది ఆమె. ఆమె చెప్పినది నిజమైనా, ఎవరో తెలియని స్త్రీ మాట పట్టుకొని రాజు వారసుణ్ణి స్వీకరించాడన్న నింద రాజుకు వస్తుంది. అంటే కీర్తి అనే వ్యవస్థ ఇక్కడ బలవంతుణ్ణి మాట తప్పేటట్లు చేసింది.

నన్నయ కూర్పులో ఈ అంశం పునాది వంటిది. కథ మొత్తాన్ని సాక్ష్యం అనే సూత్రం నడిపిస్తున్నది. ఆశ్రమంలో వాగ్దానం జరిగినప్పుడు సాక్షులు లేరు. సభలో శకుంతల కనిపించని సాక్షులను పేర్కొంటుంది: సూర్యచంద్రులు, వాయువు, అగ్ని, భూమి, ఆకాశం, జలం, పగలు, రాత్రి, సంధ్యలు, యముడు, ధర్మం, మనస్సు మనిషి చేసిన పనులను చూస్తుంటాయని హెచ్చరిస్తుంది. చివరికి ఆ జాబితాలోని ఆకాశమే అందరికీ వినపడేటట్లు సాక్ష్యం పలుకుతుంది. సాక్షి లేని చోటు, మూగ సాక్షులు, పలికిన సాక్షి అనే మూడు దశల క్రమం కథకు ఆకృతినిచ్చింది. ఆకాశవాణిని కేవలం అద్భుత ఘటనగా చూస్తే ఈ కూర్పు మరుగున పడుతుంది. ఆ వాణి రాజుకు కొత్త విషయం చెప్పలేదు. కొత్త విషయం తెలిసినది సభకు. అందుకే దుష్యంతుడు వెంటనే బయటపడగలిగాడు. నింద తొలగింది, ప్రేమ తిరిగి వచ్చింది.

కాళిదాసు చేసిన మార్పు దీని పక్కన పెట్టి చూడదగినది. దుర్వాసుని శాపం వల్ల అక్కడ దుష్యంతుడు నిజంగా మరచిపోతాడు. ఉంగరం చూసి గుర్తు తెచ్చుకొంటాడు. తెలిసి చేసిన ద్రోహం తెలియక చేసిన తప్పు అయింది. సాక్ష్యం మాట నుంచి వస్తువుకు మారింది. భారత కథనూ నాటక కథనూ మేళవించి శృంగారశాకుంతలం రచించిన పిల్లలమర్రి పినవీరభద్రుని కాలానికి తెలుగు పాఠకునికి ఉంగరం లేని శకుంతల కథ అసంపూర్ణంగా తోచి ఉండాలి. అయితే నమ్మకం గురించి కఠినమైన ప్రశ్న అడిగినది ఉంగరం లేని కథే. చూపించడానికి వస్తువేదీ లేని స్త్రీ మాటను నమ్మాలా వద్దా అని అది అడుగుతుంది.

6. విడువబడటం: అనుబంధ సిద్ధాంతం వెలుగు

రాజు నిరాకరించిన తరువాత శకుంతల తన జీవితాన్ని ఒక్క మాటలో క్రోడీకరిస్తుంది. పుట్టగానే తల్లిదండ్రులు విడిచారు, ఇప్పుడు భర్త కూడా విడుస్తున్నాడని ఆమె దుఃఖిస్తుంది. మేనక, విశ్వామిత్రుల బిడ్డగా నదీతీరంలో విడువబడి, పక్షుల రక్షణలో ఉండి, కణ్వుని చేత పెంచబడిన వృత్తాంతం ఇక్కడ మళ్లీ జీవం పోసుకొంటుంది. శైశవంలోని విడువబడటాన్ని, దాంపత్యంలోని విడువబడటాన్ని ఒకే గొలుసులోని రెండు కొసలుగా ఆమె చూస్తున్నది. హేజన్, షేవర్ల ప్రతిపాదన సారం కూడా ఇదే: ప్రణయ బంధం శైశవ బంధానికి కొనసాగింపు.

అయితే తొలి వయస్సులో విడువబడినవారు తరువాతి బంధాలలో నమ్మకాన్ని కోల్పోతారన్న సరళ సూత్రానికి శకుంతల లొంగదు. ఆమె నమ్మగలిగింది, ప్రశ్నించగలిగింది, రాజసభలో నిలబడి వాదించగలిగింది. దీనికి కణ్వుని పెంపకమే ఆధారం. కన్నవారు కాని వారి పోషణ మానవ పరిణామంలో నిర్ణాయకమైనదని శారా హర్డీ 2009లో వాదించారు. రక్తసంబంధం లేని ఋషి తండ్రిగా నిలబడ్డాడు. రక్తసంబంధం ఉన్న రాజు తండ్రిగా నిలబడటానికి నిరాకరించాడు. ఈ రెండింటినీ ఒకే ఉపాఖ్యానంలో ఎదురెదురుగా ఉంచడం ద్వారా పితృత్వం పుట్టుకలో ఉన్నదా, స్వీకారంలో ఉన్నదా అనే ప్రశ్నను కథ లేవనెత్తుతుంది.

7. సత్యం: సంతానం కన్న మిన్న

శకుంతల వాదంలో పరిణామవాద విమర్శకు అత్యంత క్లిష్టమైన ఘట్టం సత్యప్రశంస. నూరు నూతుల కన్న ఒక బావి, నూరు బావుల కన్న ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కన్న ఒక కుమారుడు, నూరుగురు కుమారుల కన్న ఒక సత్యవాక్యం మేలని ఆమె సోపానం కడుతుంది. వేయి అశ్వమేధాలను సత్యంతో తూచినా సత్యమే బరువు తూగుతుందంటుంది. తన కుమారుని కోసం వచ్చిన తల్లి, కుమారుని కన్న సత్యాన్ని పైమెట్టుపై నిలిపింది. వంశవృద్ధినే అంతిమ ప్రయోజనంగా భావించే దృష్టికి ఇది మింగుడుపడదు.

దీనికి రెండు సమాధానాలు సాధ్యం. సత్యప్రశంస కూడా రాజును ఒప్పించే సాధనమేనని, అంతిమ ప్రయోజనం కుమారుని స్థానమేనని పరిణామవాది అనవచ్చు. ఎర్న్‌స్ట్ మయర్ 1961లో చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. జీవి ప్రవర్తనకు ఆసన్న కారణం వేరు, అంతిమ కారణం వేరు. అంతిమ కారణాన్ని శాస్త్రం వెదుకుతుంది. మనిషి దేనిని విలువగా భావించి పలుకుతాడో, ఆ ఆసన్న కారణం సాహిత్యానికి విషయం. మొదటిది రెండవదాన్ని రద్దు చేయదు. రెండవ సమాధానం పాఠం నుంచే వస్తుంది. సత్యాన్ని ఒప్పుకోని తండ్రి వల్ల కుమారునికి రాజ్యం దక్కినా ఆ దక్కడం భద్రం కాదు. ఈ రోజు మాట తప్పినవాడు రేపు మరల తప్పవచ్చు. కాబట్టి సంతానం కన్న సత్యం మిన్న అనడం సంతానాన్ని తక్కువ చేయడం కాదు. సంతానం నిలబడవలసిన నేల ఏదో చెప్పడం.

ఈ దృష్టితో చూసినప్పుడు, సూక్తులుగా కంఠస్థమైన ఈ పద్యాలు మళ్లీ సందర్భంలోకి వస్తాయి. ఇవి తీరికగా చెప్పిన నీతులు కావు. చేతిలో ఆధారం లేని వ్యక్తి మాటనే ఆధారంగా నిలబెట్టుకొన్న ప్రయత్నాలు. నన్నయ సూక్తి నిధి కావడానికి కారణం సూక్తుల సంఖ్య కాదు. ప్రతి సూక్తి వెనుక దాన్ని పలకవలసి వచ్చిన అవసరం ఉండటం.

8. ఉపసంహారం

పరిణామ మనోవిజ్ఞానం శకుంతలోపాఖ్యాన పఠనానికి మూడు ప్రయోజనాలను చేకూర్చింది. ఆశ్రమంలోని నిబంధనను స్వార్థంగా కాక రక్షణగా గుర్తించే అవకాశమిచ్చింది. శైశవ, దాంపత్య పరిత్యాగాల మధ్య ఉన్న సంబంధాన్ని స్పష్టం చేసింది. నమ్మకం ఇద్దరి మధ్య విషయం మాత్రమే కాదని, చూసే లోకంపై కూడా ఆధారపడుతుందని చూపింది. దాని పరిమితి కూడా ఈ పఠనంలో తేలింది. పితృత్వ సంశయం అనే భావనను సభా ఘట్టానికి అన్వయిస్తే, తెలిసి నిరాకరించిన వానికి తెలియనివాని మినహాయింపు దక్కుతుంది. కీర్తి భయం మాటను నిలబెడుతుందన్న సూత్రం, అధికారం సమానంగా లేనిచోట వ్యతిరేక ఫలితాన్నిస్తుంది.

శకుంతలకు ఆకాశం సాక్ష్యం పలికింది. పితృత్వ నిర్ధారణకు నేడు రక్త, జన్యు పరీక్షలు ఉన్నాయి. అవి సంశయాన్ని తీర్చగలవు. తెలిసినదాన్ని నలుగురిలో ఒప్పుకొనే గుణాన్ని మాత్రం అవి ఇవ్వలేవు. ఆ గుణానికి నన్నయ శకుంతల పెట్టిన పేరు సత్యం. ప్రాచీన కావ్యాలను ఆధునిక శాస్త్రాల వెలుగులో చదివేటప్పుడు, శాస్త్రం పాఠాన్ని వివరించే చోటులతో పాటు పాఠం శాస్త్రాన్ని సరిదిద్దే చోటులను కూడా గుర్తించాలి. శకుంతలోపాఖ్యానం అటువంటి చోటు. ఇదే పద్ధతిలో నలోపాఖ్యానం, సావిత్రి కథ, తెలుగు ప్రబంధాలలోని విరహ, అపనమ్మక ఘట్టాలు పరిశీలింపదగినవి.